బ్లాకు నిలబడితే

విజయవాడ ఆటోనగర్‌లో క్రాంక్ గ్రైండింగు, బోరింగు పనులు చేసే షెడ్డు. బల్ల మీద 1968 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఇంజన్ విప్పి ఉంది. షెడ్డు మావయ్యది. కారు మేనల్లుడిది, తాతగారి నుంచి వచ్చింది. అల్లుడు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి పుణేలో ఇంజన్ల పనిలోనే ఉన్నాడు. ఈ ఇంజన్ వద్దనేది పెద్దాయన, బాగుచేసి తీరాలనేది కుర్రాడు. పాత బండ్ల గురించి మన దగ్గర మాటలు మొదలైతే నాన్నగారు, తాతగారు, పెళ్ళి ఊరేగింపులు, ఆ వైపే సాగుతాయి. వీళ్ళ వాదన ఎక్కువసేపు ఇనుము దగ్గరే నిలిచింది. అందుకే విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మావయ్య: విప్పి చూపించమన్నావు, విప్పాను. ఇక నా మాట విను అల్లుడూ. దీన్ని పక్కన పెట్టేద్దాం. 1817 సీసీ ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్సుతో సహా, మంచిది చూసి బిగిస్తాను. 1992 నుంచి ఈ కారుకి కంపెనీ వాళ్ళు వేసిన ఇంజనే కదా. మౌంటింగుల సంగతి నేను చూసుకుంటా. ఏసీ పెట్టుకోవచ్చు, హైదరాబాదు హాయిగా వెళ్ళి రావచ్చు.

అల్లుడు: వాళ్ళు వేసింది 1992 కార్లకి మావయ్యా. ఇది బ్రిటన్ డిజైన్ 1489 సీసీ బీ-సిరీస్ ఇంజన్‌తో పుట్టిన కారు. అయినా ఆ సంగతి తర్వాత. ఇది ఇక పనికిరాదని ఎలా తేల్చారో ముందు అది చెప్పండి. ఇంతవరకూ ఒక్క మైక్రోమీటరు కూడా పట్టలేదు మీరు.

మావయ్య: నలభై ఏళ్ళుగా పడుతూనే ఉన్నాను. సరే, ఇలా రా. గాస్కెట్ చూడు. ఈ హెడ్డుకి సిలిండర్లు నాలుగు, ఎగ్జాస్ట్ దారులు మాత్రం మూడు. రెండో సిలిండరూ మూడో సిలిండరూ మధ్య దారినే వాడుకుంటాయి. వేడంతా అక్కడ పోగవుతుంది. గాస్కెట్ కాలింది కూడా సరిగ్గా ఆ రెండింటి మధ్యే. హెడ్డు తిరగేస్తే మూడో దాని వాల్వు సీట్ల మధ్య పగులు కనిపిస్తోంది. సంపులో ఆయిల్ తెల్లగా చిక్కబడి ఉంది, అంటే నీళ్ళు కలిశాయి. మూడో పిస్టన్ బోరుకి అంటుకుపోయి ఉంటే చెక్క దిమ్మ పెట్టి కొట్టి తీయాల్సి వచ్చింది. బోరు గోడ మీద ఆ వెండి చారలు పిస్టన్ అల్యూమినియమే. దాని రాడ్డు మెలి తిరిగింది. ఇంకేం కావాలి?

అల్లుడు: మీరు చూపించినవన్నీ నిజమే. కానీ అన్నీ ఒకేసారి జరిగినవి కావు. గుంటూరు నుంచి వస్తూంటే రేడియేటర్ కారిపోయింది, డ్రైవరు ఆపలేదు. గాస్కెట్ కాలడం, హెడ్డు పగలడం, పిస్టన్ పట్టేయడం ఆ రోజు పని. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బోరుకీ పిస్టన్‌కీ మధ్య ఉన్న కాస్త సందు మూసుకుపోతే పట్టేయక తప్పదు. తర్వాత షెడ్డులో ఏళ్ళ తరబడి నీళ్ళతోనే ఉంది, కాబట్టి తుప్పు రెండో దెబ్బ. ఆ పైన ఎవరో గేరులో పెట్టి ట్రాక్టరుతో లాగారు. రాడ్డు మెలి తిరిగింది అప్పుడు. మొదటి రెండూ గోడల మీద మచ్చలు, మూడోది ఒక్క రాడ్డు. ఒక్కొక్క దెబ్బా ఎంత లోతుకి దిగిందో కొలవకుండా మొత్తం పోయిందనడం తొందర కాదా?

మావయ్య: విడదీసి చూడటం బాగుంది. కానీ నువ్వు మొదలుపెట్టింది మధ్యలోంచి. రేడియేటర్ ఎందుకు కారింది? డ్రైవరు ఎందుకు ఆపలేదు?

అల్లుడు: గేజు ముల్లు ఎరుపు దాకా వెళ్ళి మళ్ళీ దిగిందట. చల్లబడిందనుకున్నాడు.

మావయ్య: అదీ సంగతి. గేజు బల్బు నీళ్ళలో ఉన్నంతసేపే వేడి సరిగ్గా చెబుతుంది. నీళ్ళు బల్బు కిందికి జారాక అది ఖాళీలో వేలాడుతుంది, ముల్లు దిగుతుంది. ముల్లు ఎక్కడం కంటే ఊరికే దిగడం ప్రమాదం. డ్రైవర్లకి ఎవరూ చెప్పని మాట అది. ఇప్పుడు బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు పీకాను, వెనక చివర, నాలుగో సిలిండరు పక్కన, వేలు పెట్టు.

అల్లుడు: గట్టిగా ఉంది. మట్టిలా.

మావయ్య: సగం తుప్పు, సగం బోరు నీళ్ళ సున్నం. మన పల్లెల్లో రేడియేటర్‌లో పోసేది ఆ నీళ్ళే. నీళ్ళు మరిగి పోయిన కొద్దీ సున్నం లోపలే ఉండిపోతుంది. రేడియేటర్ సన్నగొట్టాలు ముందు మూసుకుపోతాయి, బ్లాకు వెనక మూల తర్వాత. నువ్వు గుంటూరు రోడ్డు మీద మొదలైందంటున్న జబ్బు అంతకు పదేళ్ళ ముందే ఈ మూలలో మొదలైంది. ఇది కడగకుండా కొత్త పిస్టన్లు వేస్తే అవీ పట్టేస్తాయి.

ఆ మట్టి ముద్ద బల్ల మీద పెట్టాక కాసేపు ఇద్దరూ దాన్నే చూశారు. ఈ సంవాదంలో అన్నిటికంటే విలువైన మాట నాకు ఇదే అనిపించింది. విరిగిన భాగం చూడగానే మన చూపు దాని మీదే నిలిచిపోతుంది, విరగ్గొట్టింది ఏదో వెతకం. ఓవర్‌హాల్ చేసిన బళ్ళు మళ్ళీ ఏడాదిలో షెడ్డుకి రావడానికి అదే కారణం. ఈ విషయంలో పెద్దాయన పక్షమే నాది. తర్వాతి వాదనలో మాత్రం పక్షం తేల్చుకోవడం అంత తేలిక కాలేదు.

మావయ్య: ఇప్పుడు బోరుకి వద్దాం. పిస్టన్ తల మీద అంకె చదువు.

అల్లుడు: 40.

మావయ్య: అంటే అంగుళంలో వెయ్యోవంతులు నలభై. నలభై థౌ ఓవర్‌సైజు. దీనికి పది, ఇరవై, ముప్పై, నలభై, ఇవే సైజులు. ఆఖరిది కూడా వాడేశారు. మూడో బోరులో గేజు పెడితే పైన రింగులు ఆగే చోట ఇంకో పన్నెండు థౌ అరిగింది. ఇక రీబోరుకి చోటు లేదు.

అల్లుడు: రీబోరుకే లేదు. స్లీవులకి ఉంది. నాలుగు బోర్లూ పెద్దవి చేసి డ్రై స్లీవులు దింపి, మళ్ళీ 73.025 మిల్లీమీటర్ల స్టాండర్డ్ కొలతకి తెస్తే ఇంజన్ మొదటి రోజుకి వెళుతుంది. నలభై థౌ దగ్గర ఆఖరయింది మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. తర్వాతి తరానికి నాలుగు రీబోర్లు మిగులుతాయి.

మావయ్య: పుస్తకంలో అంతే. స్లీవు కూర్చోవాలంటే చుట్టూ ఇనుము ఉండాలి. బయట నుంచి యాభై ఏళ్ళ తుప్పు తిన్న గోడ ఎంత మిగిలిందో నీకు తెలుసా? బోరు పెద్దది చేస్తూ ఉంటే కట్టర్ నీళ్ళ జాకెట్‌లోకి దూసుకుపోతే ఆ బ్లాకు ఇక పాత సామానే.

అల్లుడు: తెలుసుకోవచ్చు. అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజు తెచ్చాను. గోడ చుట్టూ పైనుంచి కిందికి కొలుద్దాం. ఇదే బీ-సిరీస్‌ని బ్రిటన్‌లో 76.2 మిల్లీమీటర్ల బోరుతో 1622 సీసీ దాకా పెంచారు. ఆ డిజైన్‌లో ఇనుముకి కొదవ లేదు.

మావయ్య: వాళ్ళు పెంచింది వాళ్ళ పోతలో. ఇది అంబాసిడర్ తయారైన ఉత్తరపారా పోత, పైగా బోరు నీళ్ళు తాగిన పోత. బ్రిటన్ మాట ఇక్కడ సాక్ష్యం కాదు. గేజు చెప్పింది మాత్రం ఒప్పుకుంటాను. ఎక్కడైనా గోడ పలచబడితే వాదన ఆపుతావా?

అల్లుడు: ఆపుతాను. మరి పలచబడకపోతే?

మావయ్య: అప్పుడు క్రాంక్ మాట్లాడుతుంది. ఇదిగో, మూడో బిగ్ ఎండ్ జర్నల్ నీలంగా ఉంది. ఆయిల్‌లో నీళ్ళు కలిసి పొర నిలవక బేరింగు రాసుకుపోయిన చోటు ఇది. జర్నల్ సైజు చూస్తే ఇంతకుముందే ముప్పై థౌ గ్రైండ్ చేశారు. ఇంకొక్క గ్రైండింగు, నలభై, అంతే. ఈ బీ-సిరీస్ క్రాంకుకి మెయిన్ బేరింగులు మూడే. నాలుగు రాడ్ల భారం మూడు చోట్ల మోయాలి, అందుకే మధ్యలో వంగుతుంది. పైగా ఇదిగో, జర్నల్ అంచు క్రాంక్ చెంపని కలిసే మూల. ఫిల్లెట్ అంటారు మీరు. గుండ్రంగా ఉండాల్సింది. గతంలో గ్రైండ్ చేసినవాడు రాయి మూల సరిచేయకుండా దింపాడు, మూల పదునుగా మిగిలింది. క్రాంకులు విరిగేది నడుమ కాదు అల్లుడూ, ఆ మూల దగ్గరే.

అల్లుడు: ఒత్తిడి మొత్తం అక్కడ పోగవుతుంది, ఒప్పుకుంటాను. అయితే పగులు ఉందో లేదో చూడాలి కదా. అందుకేగా నేను ఇంత దూరం వచ్చింది.

మావయ్య: చూద్దాం. ముందు మా పద్ధతి. కిరోసిన్‌లో బాగా నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్ద పొడి రుద్దుతాం. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ గీతలా పైకి ఊరుతుంది. తర్వాత మీ పద్ధతి, అయస్కాంతం పెట్టి, మెరిసే ఇనుప పొడి కలిపిన ద్రవం పోసి, అల్ట్రావయొలెట్ దీపం కింద. మా కంటికి దొరకనిది అక్కడ దొరుకుతుంది. అది నేనూ ఒప్పుకుంటాను.

అల్లుడు: ఈలోపు అసలు విషయం అడుగుతాను మావయ్యా. గోడ బాగుందనుకుందాం, క్రాంక్ బాగుందనుకుందాం. అప్పుడైనా మీరు ఇసుజు అనే అంటారు. ఎందుకు?

మావయ్య: కారు తిరగాలి కాబట్టి. తిరగని బండి పాడవుతుంది. నాలుగు గేర్ల పాత ఇంజన్‌తో నువ్వు ఏడాదికి రెండుసార్లు తీస్తావు. మిగతా రోజుల్లో రింగులు తుప్పు పడతాయి, బ్రేకు సిలిండర్లు బిగుస్తాయి. ఇసుజు ఉంటే మీ అమ్మ కూడా ఎక్కి కూర్చుంటుంది. ఇంకోటి. ఈ హెడ్డులో వాల్వు సీట్లు వేరుగా లేవు, పోత ఇనుములోనే చెక్కారు. పెట్రోలులో సీసం ఉన్న రోజుల్లో అది సీట్ల మీద పొరలా నిలిచేది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చాక అలాంటి సీట్లు అరిగి లోపలికి దిగిపోవడం మొదలైంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఎన్నాళ్ళు ఉంటాయి? ఈ ఇంజన్ పుట్టిన కాలపు పెట్రోలే ఇప్పుడు లేదు.

అల్లుడు: ఆ రెంటికీ పరిష్కారం ఉంది. ఎగ్జాస్ట్ సీట్లకి గట్టి ఉక్కు రింగులు దింపుతారు, మీ షెడ్డులోనే దింపుతారు. డయాఫ్రం, పైపులు ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరువి మార్చుకుంటే సరి. తిరగడం సంగతి నిజం, దానికి నేను మాటిస్తాను. కానీ ఇంజన్ మార్చేస్తే ఇంకో దారి శాశ్వతంగా పోతుంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉండాలి. అలాంటి వాటికి వీఏ అక్షరాలతో నంబరు, 20,000 రూపాయల ఫీజు, పదేళ్ళ చెల్లుబాటు. 1968 బండి ఇప్పుడు దానికి అర్హం. ఇసుజు వేసిన మరుక్షణం కాదు.

మావయ్య: ఆ నంబరు తగిలిస్తే రోజూ తిరగనివ్వరు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప రోడ్డెక్కకూడదు. తిప్పుతానని ఇప్పుడే మాటిచ్చావు.

అల్లుడు: ఆ నంబరు ఇవాళే తీసుకోవాలనడం లేదు. రేపు తీసుకునే వీలు పోగొట్టుకోవద్దంటున్నాను. ఇసుజు ఇంజన్లు దొరుకుతూనే ఉంటాయి. ఈ బ్లాకు స్క్రాపుకి పోతే మళ్ళీ రాదు. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీయే ఆగిపోయింది.

మావయ్య: ఫ్యాక్టరీ ఆగిపోయిందని నువ్వే అంటున్నావు. మరి సామాన్లు? అట్టపెట్టె మీద పెద్ద పేరు ఉంటుంది, లోపల పిస్టన్ తూకం నాలుగూ నాలుగు రకాలు.

అల్లుడు: అందుకే ఇక్కడి సామాన్లు కొనను. ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారు 1955లో మొదలైంది ఇదే 1489 సీసీ బీ-సిరీస్‌తో. బ్రిటన్‌లో దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి బేరింగులు, గాస్కెట్లు, పిస్టన్లు ఈనాటికీ తయారవుతున్నాయి. కోవెంట్రీలో చిన్నాన్న కొడుకు ఉన్నాడు, సంక్రాంతికి వస్తూ తెస్తాడు.

మావయ్య: బేరింగులు తెప్పించు, కాదనను. పిస్టన్లు మాత్రం చూసుకో. స్పోర్ట్స్ కారు వాళ్ళది కంప్రెషన్ ఎక్కువ. మన అంబాసిడర్‌ది ఆ కాలపు తక్కువ ఆక్టేన్ పెట్రోలుకి తగ్గించి చేసింది. తల ఎత్తు కొలవకుండా ఆ పిస్టన్లు వేస్తే నాకింగు కొట్టి మళ్ళీ ఇదే బల్ల మీదకి వస్తుంది.

పరీక్షలకి కొంత సమయం పట్టింది. బ్లాకు రంధ్రాలన్నీ పలకలతో మూసి, వేడి నీళ్ళలో ముంచి, లోపలికి గాలి పట్టించారు. ఎక్కడా బుడగ రాలేదు. గోడ మందం వెనక మూలలో కాస్త తగ్గినా, స్లీవుకి సరిపడా ఉంది. బ్లాకు పైముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే మధ్యలో ఫీలర్ గేజు దూరింది, కానీ ఫేసింగుతో పోయేంతే. క్రాంక్ సుద్ద పరీక్షలో ఏమీ చూపించలేదు. అల్ట్రావయొలెట్ దీపం కింద మాత్రం మూడో జర్నల్ మూల వెంబడి, పెద్దాయన వేలు పెట్టిన చోటే, సన్నటి గీత మెరిసింది. రెండు పరీక్షలూ ఎందుకు చేయాలో ఆ గీత చాలు చెప్పడానికి.

మావయ్య: చూశావా?

అల్లుడు: చూశాను. ఈ క్రాంక్ పోయింది. నలభై థౌకి గ్రైండ్ చేసినా పగులు పోదు, వేసినా కొన్ని వేల కిలోమీటర్లకి విరుగుతుంది. మారుద్దాం.

మావయ్య: హెడ్డు పగిలింది, మారుస్తావు. క్రాంక్ మారుస్తావు. పిస్టన్లు, బేరింగులు, స్లీవులు, సీట్లు, ఒక రాడ్డు. ఇన్ని మార్చాక నీ 1968 ఎక్కడుంది? ఇసుజు వేస్తే మోసం, ఇది మాత్రం నిజాయితీ అంటావా?

అల్లుడు: అంటాను. ఎందుకంటే మార్చేవన్నీ మార్చడానికే చేసినవి. నాలుగు ఓవర్‌సైజుల పిస్టన్లు, నాలుగు అండర్‌సైజుల బేరింగులు కంపెనీ వాళ్ళే తయారు చేయించారంటే, దీన్ని మళ్ళీ మళ్ళీ విప్పి బాగుచేస్తారని గీత గీసినప్పుడే అనుకున్నారు. బాగుచేయడం ఈ ఇంజన్ డిజైన్‌లో భాగం. ఇసుజు ఆ డిజైన్‌లో లేదు. ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంది, ఆ బ్లాకు ఇప్పుడే వేడి నీళ్ళలో పరీక్ష నెగ్గింది. క్యామ్, మూడు రాడ్లు, టైమింగ్ కవరు, సంపు, మానిఫోల్డ్ అన్నీ ఆనాటివే. మీ చేతుల్లో ఉన్న కొలతలు కూడా ఆ డిజైన్ లెక్కలే.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన చెప్పినది అంతకుముందు చెప్పిన ఏ కారణం కంటే బలమైనదని నేను నమ్ముతున్నాను.

మావయ్య: ఇనుము మీద నాకు అనుమానం లేదురా. చేయగలను. ఇలాంటివి చాలా చేశాను కూడా. చేసి పంపిన ఇంజన్లు తిరిగొచ్చినప్పుడు మూత విప్పితే మళ్ళీ అవే బోరు నీళ్ళు. క్యామ్ మొదటి ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నడపమంటే, ఊరి జనం ముందు ఐడ్లింగ్‌లో పెట్టి ఫొటోలు దిగారు. ట్యాపెట్లకి ఆయిల్ చిమ్మేది క్రాంక్ వేగంగా తిరిగితేనే కదా, ఆ క్యామ్ పోయింది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత హెడ్డు నట్లు మళ్ళీ బిగించుకోవడానికి రమ్మంటే ఎవరూ రారు. నీ తాత బండి అని నీ మీద జాలిపడి మొదలుపెడితే రెండేళ్ళకి దీన్ని మళ్ళీ ఈ స్థితిలో చూడాలి. అది నాకు ఇష్టం లేదు.

అల్లుడు: అయితే షరతులు పెట్టండి.

మావయ్య: పెడతాను. ఒకటి, ఇంజన్ కంటే ముందు రేడియేటర్. కోర్ విప్పించి గొట్టం గొట్టం గుచ్చించాలి, లేదంటే కొత్త కోర్ వేయించాలి. బ్లాకులో ఆయిల్ గ్యాలరీల ప్లగ్గులన్నీ తీసి వాటినీ, వెనక మూల మట్టి మొత్తం రాలే దాకా నీళ్ళ జాకెట్‌నీ కడగాలి. ఆ తర్వాత అందులో పడేది డిస్టిల్డ్ వాటర్, కూలంట్ మాత్రమే. గేజుతో పాటు నీళ్ళ మట్టం తగ్గితే మోగే అలారం ఒకటి పెడతాను. అది అసలు కారులో లేదని గొడవ చేయకు.

అల్లుడు: చేయను.

మావయ్య: క్రాంక్ స్టాండర్డ్ సైజుది దొరికితే సరే, లేకపోతే పది థౌ దాటి గ్రైండ్ చేసినది వద్దు. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో వెతుకు. తెచ్చాక నేను ముట్టుకునే ముందు దీపం కింద పెట్టించు. గ్రైండింగు అయ్యాక రేడియస్ గేజు నువ్వే పట్టి ఆ మూలలన్నీ చూసుకో. నా పని కదా అని వదిలేయకు.

అల్లుడు: స్లీవులు? నాలుగింటికీనా, మూడోదానికేనా?

మావయ్య: నాలుగింటికీ, కాలర్ ఉన్నవి. ఒక్కదానికే వేస్తే వేడికి గోడలు ఒక్కో రకంగా సాగుతాయి. కానీ బోరింగ్ మిషన్ ఎక్కించే ముందు మెయిన్ బేరింగుల ఇళ్ళు మూడూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడాలి. అంత కాలిన బ్లాకు వంగకుండా ఉండదు. వంగితే లైన్ బోరింగు, తర్వాతే సిలిండర్లు.

అల్లుడు: మరి పిస్టన్లు? ఎంజీఏవి తెప్పించి తల చదును చేయిద్దామా, కంప్రెషన్ దింపడానికి?

మావయ్య: తల మందం ఎంతో చూడకుండా నేను ఒక్క థౌ కూడా చెక్కను. ముందు ఒక్కటి తెప్పించు, కొలిచాక మాట్లాడుకుందాం.